డ్రైవరుతో మాట్లాడరాదు

ముళబాగిలులో నా పశువుల ఆస్పత్రి గోడకు ఒక ఇనపబోర్డు వేలాడుతూ ఉంటుంది. ‘డ్రైవరుతో మాట్లాడరాదు’ అని దానిమీద నాలుగు భాషల్లో రాసి ఉంది. ఇంగ్లీషు తుప్పు పట్టింది, కన్నడం సగం చెరిగింది, తమిళం ఉందా లేదా అన్నట్టుంది, తెలుగు ఒక్కటే చక్కగా కనబడుతుంది. పశువులను తోలుకొచ్చినవాళ్ళు ముందు ఆ బోర్డు చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు, ఆపైన నవ్వు ఆపుకుంటారు. మొన్న బైరకూరు నుంచి ఎద్దును తెచ్చిన రైతు మాత్రం ఆపుకోలేదు. ఇది ఆస్పత్రా, బస్సా అని అడిగాడు. సూది వేసినంతసేపూ నేను పలకలేదు. వేశాక కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, ఆ బోర్డు ఇచ్చిపోయిన మనిషి సంగతి మొదలుపెట్టాను. పాపం, ఎండ నడినెత్తికి వచ్చేదాకా అతన్ని వదల్లేదు. మామూలుగానే నేను మాటకారిని, ఆయన ఊసెత్తితే ఇక అడ్డూ ఆపూ ఉండదు.

ఆయన కేజీఎఫ్ బంగారు గనుల్లో వైండింగ్ ఇంజను డ్రైవరు. గనినోటి పక్కన పెద్ద యంత్రం ముందు కూర్చుని, మనుషులనూ రాళ్ళనూ మోసే ఇనపబోనును పాతాళంలోకి దించడం, పైకి లాగడం ఆయన ఉద్యోగం. బోను ఎక్కడుందో, అందులో ఎవరున్నారో కూర్చున్నచోటికి కనబడదు. గంటల మీదే అంతా. రాళ్ళు ఎక్కిస్తే ఒకరకం గంట, మనుషులెక్కితే ఇంకోరకం గంట. మనుషుల గంట వినబడితే బోను మెల్లగా కదలాలి. ఆ కుర్చీలో ఉన్నంతసేపూ ఆయనతో దొరైనా మాట్లాడకూడదు. గనులు మూసినప్పుడు తలా ఒక గుర్తు తెచ్చుకున్నారట, ఒకరు టోపీ, ఒకరు దీపం. ఈయన ఇంజనురూములోని బోర్డు విప్పుకొచ్చాడు, దాంతోపాటు ఒక చేతిగంట.

నేనెరిగేనాటికి ఆయనకు గని లేదు, గుర్రం ఉంది. పెళ్ళికొడుకులను ఊరేగించే ఆడగుర్రం. బెంగళూరులో పందేలు పరిగెత్తి, చాలించుకుని వచ్చిందది. బూడిదరంగు ఒళ్ళు, దానిమీద తెల్లటి చారలు. కేజీఎఫ్‌లో బంగారం తీసేయగా మిగిలిన మట్టి గుట్టలు గుట్టలుగా పడి ఉంటుంది, సైనేడు దిబ్బలంటారు. అచ్చం ఆ రంగే. అందుకని దానికి సైనేడు అని పేరు పెట్టాడు. పెళ్ళికి వచ్చిన గుర్రం పేరు సైనేడని విని ఒక పెళ్ళికూతురి తల్లి అక్షింతల పళ్ళెం జారవిడిచిందట. అప్పటినుంచి పెళ్ళిళ్ళలో అడిగితే తొణక్కుండా మహాలక్ష్మి అని చెప్పేవాడు. మహాలక్ష్మీ అని ఎంత పిలిచినా అది కదిలేది కాదు. ఆయన దాని చెవి దగ్గరికి వంగి అసలు పేరు గుసగుసగా చెబితేనే అడుగు వేసేది. చూసేవాళ్ళు ఏదో మంత్రం అనుకునేవాళ్ళు.

ఆయన కుడికాలు గురించి చెప్పాలి. నలభై ఏళ్ళు బ్రేకు నొక్కిన కాలు అది. ఎక్కడ ఏది కిందికి దిగుతున్నా ఆ కాలు తనంతట తానే నేలను నొక్కేది. మెట్లమీంచి పిల్లలు దిగుతుంటే నొక్కేవాడు. పెళ్ళికొడుకు గుర్రం దిగుతుంటే నొక్కేవాడు. నా జీపులో నంగలి దాకా ఒకసారి వచ్చాడు. పల్లం వచ్చినప్పుడల్లా జీపు నేను నడుపుతున్నానో ఆయన నడుపుతున్నాడో తెలియలేదు. దిగాక చూస్తే కాలికింది రబ్బరుపట్టా నలిగి ముద్దయి ఉంది. ఇక ఆయన ఊతపదం ఒకటుంది. పులుసు వడ్డిస్తున్నా, పాలగిన్నె దించుతున్నా, జాగ్రత్త అనడు. "మెల్లగా. లోపల మనుషులుండారు" అంటాడు. ఆ ఇంట్లో రసం తాగడానికి నాకు భయం వేసేది.

సైనేడు గొప్పతనం దాని ఆట. తప్పెట మోగితే చాలు, ముంగాళ్ళు ఎత్తి ఎత్తి వేస్తూ, మెడ వంచి, నడుము తిప్పుతూ ఆడేది. ఎవరు కొట్టినా, ఎందుకు కొట్టినా ఆడేది. మూడేళ్ళ కిందట మామిడికాయల కాలంలో శ్రీనివాసపురంలో ఒక మండీ యజమాని ఇంట పెళ్ళి. ఊరేగింపు మండీ ముందుకొచ్చింది, లారీలు ఆగాయి, తప్పెట్లు జోరందుకున్నాయి. సైనేడు ఆడుతూ ఆడుతూ మామిడిటెంక మీద కాలేసింది. పెళ్ళికొడుకుకు ఏమీ కాలేదు, కళ్ళకున్న నల్లద్దాలు కూడా ఊడలేదు. గుర్రం మాత్రం ముందరి ఎడమకాలు పైకెత్తి నిలబడిపోయింది.

నన్ను పిలిపించారు. మోకాలి కింద, ఎముక వెనకాల ఉండే పెద్ద నరం, దాన్నే మేము టెండన్ అంటాం, తెగి వాచి తోతాపురి కాయలా వెనక్కి ఉబ్బి ఉంది. ముట్టుకుంటే కాలుతోంది. స్కాను పెట్టాను. తెల్లటి గీతలుండాల్సిన చోట మధ్యలో నల్లగా గుంత. ఆయన నా భుజం మీదుగా తెరను చూసి, ఇది మైను గదా అన్నాడు. తవ్వి వదిలేసిన సొరంగాలు అట్లాగే నల్లగా ఉంటాయట, వాటిని రాళ్ళతో నింపుతారట, దీన్ని దేంతో నింపుతావని అడిగాడు.

ఉన్న సంగతి చెప్పాను. ఊరికే వదిలేస్తే మానుతుంది, కానీ చిక్కుపడిన పట్టుదారంలా గజిబిజిగా మానుతుంది, తప్పెటకు నాలుగు గంతులు వేస్తే మళ్ళీ తెగుతుంది. ఇంకో దారి ఉంది. దాని రొమ్ముఎముకలోంచి మూలుగ తీసి, అందులోని మూలకణాలను బెంగళూరులో నాకు చదువు చెప్పిన మేడం ల్యాబులో పెంచి, ఆ గుంతలోకి ఎక్కించవచ్చు. కొత్త పోగులు వరుసగా, కండెకు చుట్టిన దారంలా పేరుకునే అవకాశం ఉంది. అవకాశమే, మాట ఇవ్వలేను. ఆ తర్వాత ఏడాదికి దగ్గరగా గంతు వేయకూడదు, రోజూ కొలిచినట్టు నడిపించాలి.

ఆయన్ను నేను మామా అని, ఆయన భార్యను అత్తా అని పిలిచేదాన్ని. ఆమె గడపలో కూర్చుని రాగులు చెరుగుతూ ఒకటే అడిగింది, మళ్ళీ ఆడతాదా అని. తెలియదన్నాను. అప్పటికే పక్కూరి బేరగాడొకడు వచ్చి గుర్రాన్ని అటూ ఇటూ తిరిగి చూసిపోయాడు. కుంటిగుర్రాన్ని పెళ్ళికెవరు పిలుస్తారు, నాకిచ్చెయ్యి అన్నాడట. అతని చేతికి పోయిన గుర్రాలు ఏమవుతాయో అందరికీ తెలుసు. కేజీఎఫ్‌లో వాళ్ళుండే లైనులో, అంటే గనివాళ్ళ ఇళ్ళ వరసలో, పెద్దమనుషులు కూడా ఇచ్చేయమనే చెప్పారు.

ఆయన సైనేడు మెడ నిమిరాడు. తర్వాత నాతో అన్నాడు. "మైను మూసినప్పుడు నన్ను ఎవురూ అడగలేదమ్మా. దీన్ని మూసేదానికి అడగతా ఉండారు గదా. వద్దంటాను."

మూలుగ తీసి పంపాం. ఇక ఆయన ఫోన్లు మొదలయ్యాయి. పిల్లోళ్ళు ఎట్లుండారు అని రోజూ పొద్దున్నే అడిగేవాడు. మూలకణాలు అనడం నేర్పుదామని చూశాను. నేర్చుకున్నాడు. మూలకణం పిల్లోళ్ళు ఎట్లుండారు అనడం మొదలుపెట్టాడు. బెంగళూరులో చలి కదా, కప్పి పెట్టారా అన్నాడు. ఒకరోజు నాకు చిర్రెత్తి, చదువుకుంటున్నాయి, తీరుబడి లేదు అన్నాను. అంతే, లైనంతా చాటాడు, మా సైనేడు పిల్లలు బెంగళూరులో చదవతా ఉండారని.

కేజీఎఫ్‌లో సగం ఊరు పొద్దున రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి సాయంత్రం రైలుకు తిరిగొస్తుంది. కణాలు వచ్చే రోజున ల్యాబు చల్లపెట్టెను వాళ్ళ లైనులోనే ఉండే ఒక గార్మెంటుపని అమ్మాయి చేతికిచ్చింది. ఎప్పుడూ కాలు పెట్టే సందులేని ఆ బోగీలో ఆ అమ్మాయికి కిటికీపక్క సీటు ఇచ్చారట. పెట్టెలో ఏముందని అడిగినవాళ్ళకు సైనేడు పిల్లలని చెప్పిందట. దాంతో వేరుశెనగల బుట్టను పెట్టెకు ఆనించినవాణ్ణి ఆడవాళ్ళంతా తిట్టి లేపారట. కేజీఎఫ్‌లోని ఛాంపియన్ స్టేషన్లో మేం ఎదురు నిలబడ్డాం. అత్త హారతిపళ్ళెం తెచ్చింది. ఇదేం చోద్యమని నేను తల కొట్టుకుంటే, చదువు ముగించి ఇంటికొస్తా ఉండారు, దిష్టి తీయొద్దా అంది. ఆ అమ్మాయి పెట్టెతో బోగీ మెట్టు దిగుతుంటే మామ కుడికాలు ప్లాట్‌ఫారాన్ని గట్టిగా నొక్కింది.

"మెల్లగా" అన్నాడు. "లోపల మనుషులుండారు."

ఈసారి నాకు నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున సూది. లైను లైనంతా వచ్చి కూర్చుంది. పెళ్ళికొచ్చినట్టు తలా ఒక మాట. ఆ సూది ఎంత పొడుగో, ఆ తెరలో సినిమా వస్తుందా అని. గుర్రానికి మత్తు ఇచ్చి, ఒక చేత్తో స్కాను, ఇంకో చేత్తో సూది పట్టుకుని మోకాళ్ళ మీద ఉన్నాను. సూదిమొన సరిగ్గా ఆ నల్లగుంతలోనే దిగాలి. ఇటువంటిది నా చేత్తో చేయడం అదే మొదటిసారి, మొన ఆనించి మళ్ళీ వెనక్కి తీశాను. ఆయన చూశాడు. కొట్టం గోడకున్న ఈ బోర్డును తీసుకొచ్చి నా వెనకాల నిలబెట్టి, తాను దాని పక్కన నిలబడి చూపుడువేలు పైకెత్తాడు. కేజీఎఫ్‌లో ఆ బోర్డుకున్న మర్యాద వేరు. చంకలోని పిల్లలతో సహా ఒక్కరూ నోరెత్తలేదు. మళ్ళీ మొన ఆనించాను. తెరమీద సూదిమొన మెల్లగా, మనుషుల గంట కొట్టినట్టు, గుంతలోకి దిగింది.

తర్వాత ఇంకో సీసా ఎక్కించు, ఒకటి చాలుతుందా అని పేచీ పెట్టాడు. ఇది చెరుకురసం కాదు మామా అని కసురుకున్నాను.

అసలు కష్టం ఆ తర్వాతే. సైనేడును ఆడకుండా ఉంచాలి. కేజీఎఫ్‌లో తప్పెట మోగని వారం ఉండదు. పెళ్ళి, పేరంటం, గంగమ్మ జాతర, చావు, ఎలక్షను, అన్నిటికీ ఊరేగింపే. గంటల కోసం నలభై ఏళ్ళు చెవులు రిక్కించిన మనిషి గనుక, రెండు వీధుల అవతల బ్యాండు బయలుదేరితే ఆయనకు తెలిసిపోయేది. మాట మధ్యలో వేలెత్తి, తల పక్కకు వంచి, చెప్పులు కూడా తొడక్కుండా లైను మలుపుకు పరుగెత్తేవాడు. అక్కడ దారికడ్డంగా వేలెత్తి నిలబడేవాడు. మేళగాళ్ళు మొదట్లో గొణిగారు, తర్వాత అలవాటు పడ్డారు. మలుపు రాగానే పుల్లలు చంకలో పెట్టుకుని, లైను దాటేదాకా నడిచిపోయి, అవతల మళ్ళీ అందుకునేవాళ్ళు. ఒక పెళ్ళి ఊరేగింపు నేనే చూశాను. పెళ్ళికొడుకు, బావమరుదులు, పట్టుచీరల ఆడవాళ్ళు, అందరూ మునివేళ్ళ మీద నడిచిపోతున్నారు. దొంగల పెళ్ళిలా ఉందని నేను కిసుక్కుమంటే ఒక ముసలమ్మ నన్నే ఉష్షని గదిమింది. వినాయకుణ్ణి తీసుకుపోయే కుర్రకారు ఎదురు తిరిగితే, దేవుడికి ఏనుగు చెవులప్పా, మీరు కొట్టకపోయినా వినిపిస్తాదని సర్దిచెప్పాడు.

రోజూ నడక. గడపలో కూర్చుని అత్త చేతిగంట కొట్టేది, మనుషుల గంట. ఆయన పగ్గం పట్టుకుని మెల్లగా నడిపించేవాడు. ఎక్కడికైనా పోవాల్సివస్తే పగ్గం ఊరికే ఇచ్చేవాడు కాదు. గనిలో షిఫ్టు మారేటప్పుడు ఒక డ్రైవరు ఇంకో డ్రైవరుకు చెప్పే మాటలు చెప్పేవాడు. "బ్రేకు మీద ఉండాది. లోపల మనుషులుండారు. నీ చేతికిచ్చినా." అత్త కొంగు బిగించి, "నా చేతికొచ్చింది" అనేది. ఆ జవాబు వింటేగాని ఆయన కదలడు. కాఫీ తాగి రావడానికి కూడా ఇదే తతంగం. మొగుడూ పెళ్ళాల నాటకం చూడ్డానికే నేను కొన్నిసార్లు పనిలేకపోయినా పోయేదాన్ని.

నెలలు గడిచాయి. స్కాను పెట్టినప్పుడల్లా నల్లగుంత చిన్నదవుతోంది. నడక పరుగైంది. చివరి స్కాను ఒక్కటి మిగిలింది. అది బాగుంటే తప్పెట్లు విడుస్తానన్నాడు. మేళగాళ్ళు ఎప్పుడు విడుస్తావని అడిగితే, ఆపిన చెయ్యే గంట కొట్టాల, అంతవరకూ ఎవురూ కొట్టరాదు, ఇది మైను రూలు అన్నాడు.

ఆ చివరి స్కానుకు ముందే ఆయన గుండె మొరాయించింది. ఆస్పత్రిలో చూడబోయాను. పక్క మంచం మీద ఉన్న రోగిని నర్సు కిందికి దించుతోంది. ఇంత ఆయాసంలోనూ మామ కుడికాలు తన మంచం కడ్డీని నొక్కిపట్టి ఉంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. నన్ను చూసి ఆయన వేలెత్తాడు. సైనేడు ఎట్లుందో అడుగుతాడనుకున్నాను.

"బ్రేకు మీద ఉండాది" అన్నాడు. "లోపల మనుషులుండారు. నీ చేతికిచ్చినా."

ఇప్పుడవన్నీ ఎందుకు, పడుకో మామా అన్నాను. ఆయన వేలు దించలేదు. "జవాబు చెప్పాల గదమ్మా" అన్నాడు, మొదటిరోజు పనిలోకి వచ్చినవాడికి చెప్పినట్టు.

"నా చేతికొచ్చింది మామా" అన్నాను.

అప్పుడు కడ్డీ మీదనుంచి కాలు తీశాడు. తీసి, హాయిగా చాపుకున్నాడు. ఆ కాలు అట్లా చాపుకోవడం నేను చూడ్డం అదే మొదలు. రెండు రోజులకు పోయాడు. కేజీఎఫ్ మొత్తం వచ్చింది. ఊరంతటి తప్పెట్లూ ఆయన పాడె ముందుకే వచ్చాయి, కానీ ఆయన లైనులో ఒక్కటి కూడా మోగలేదు. మలుపు దాటాకే మోగాయి, చెవులు చిల్లులు పడేట్టు మోగాయి.

చివరి స్కాను నేనే చేశాను. గుంత ఉన్నచోట ఒకదాని పక్కన ఒకటి తెల్లటి గీతలు, దువ్వినట్టు. అత్తకు తెర చూపించాను. ఆమెకేం అర్థమైందో గానీ తెరను కళ్ళకద్దుకుంది.

ఆ తర్వాతి వారం పెట్టె తెచ్చిన గార్మెంటు అమ్మాయి పెళ్ళి. సైనేడు మీద ఊరేగేది తానేనని ఆ అమ్మాయి పట్టుబట్టింది. రైల్లో దాని పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చినదాన్ని, నేను ఎక్కకపోతే ఇంకెవరు ఎక్కుతారని అడిగింది. పెళ్ళికొడుకు పక్కన నడవడానికి ఒప్పుకున్నాడు. లైను నుంచే ఊరేగింపు మొదలు. గుర్రం గడపముందు నిలబడింది, అమ్మాయి ఎక్కి కూర్చుంది, మేళగాళ్ళు పుల్లలు చంకలో పెట్టుకుని మలుపు వైపు అడుగు వేయబోయారు. కొట్టండి, స్కాను బాగుంది అన్నాను. పెద్ద మేళగాడు కదల్లేదు.

"తెలుసమ్మా, కాలు బాగైందని. ఆపినోడు గంట కొట్టకుండా మేం ఎట్ల కొట్టేది?"

అందరూ అత్త వైపు చూశారు. ఆమె లోపలికి పోయి చేతిగంట తెచ్చి నా ముందు పెట్టింది. "నీ చేతికే గదా ఇచ్చిపోయినాడు" అంది.

గంట పట్టుకున్నాను. తెరమీద గీతలు బాగుండటం వేరు, తప్పెటకు గంతులు వేయడం వేరు. ఒక్క తప్పుటడుగు పడితే ఏడాది కష్టం, ఆయన ఎత్తిన వేలు, మునివేళ్ళ మీద నడిచిన పెళ్ళిళ్ళు, అన్నీ పోతాయి. వంగి సైనేడు చెవిలో దాని అసలు పేరు చెప్పి, గంట కొట్టాను.

తప్పెట మీద మొదటి దెబ్బ పడింది. ఆ లైను ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో, గోడలు కూడా ఉలిక్కిపడ్డట్టనిపించింది. సైనేడు చెవులు నిక్కబొడిచింది. ఎడమకాలు ఎత్తింది, ఎత్తి గాలిలో ఉంచింది. నేను ఇక చూడలేక కళ్ళు మూసుకున్నాను. డెక్క నేలకు తాకిన చప్పుడైంది. మళ్ళీ ఒకటి. మళ్ళీ ఇంకొకటి, తప్పెటకు సరిగ్గా. ఈలలు, కేకలు, గుర్రం మీద పెళ్ళికూతురి నవ్వు.

అత్త నా భుజం తట్టింది. కళ్ళు తెరిచి చూస్తే ఆమె నవ్వుతూ ఏడుస్తూ నా కాళ్ళ వైపు చూస్తోంది. నా కుడికాలు నేలను బలమంతా పెట్టి నొక్కిపట్టి ఉంది.

"ఇంగ కాలు తియ్యమ్మా" అంది. "అది ఆడతా ఉండాది."